మూడో తరగతి నక్షత్రాల పట్టిక: ఎప్పుడూ ఆ ఆరుగురికేనా?

ప్రశ్న (ఉపాధ్యాయిని, చిత్తూరు)

నమస్కారం. నేను ఇక్కడి ఒక కతోలిక ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి చెబుతున్నాను. మంచి నడవడికకు నక్షత్రాలు అంటించే పట్టికను జూన్‌లో గోడకు తగిలించాను. దసరా సెలవులు వచ్చేసరికి, 38 మందిలో అదే ఆరుగురి పేర్ల ఎదుట నక్షత్రాలన్నీ చేరిపోయాయి. మొన్న ఒక బాబును, పక్కవాడి పెన్సిల్ ఎందుకు విరిచావని అడిగితే, "నేనేం చేసినా నాకు స్టార్ రాదు కదా మిస్" అన్నాడు. ఆ మాట నన్ను వదలడం లేదు. శారీరక దండననూ మానసిక వేధింపునూ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. ఆ చట్టం లేకపోయినా నేను పిల్లలచేత గోడకుర్చీ వేయించను. దండనా ఈ పోటీ రెండూ లేకుండా పిల్లలను మంచి దారిలో నడిపించడం ఎలాగో అనుభవజ్ఞులు చెప్పగలరా?

జవాబు 1 (విశ్రాంత ప్రధానోపాధ్యాయిని, తిరుపతి)

అమ్మా, ముందు ఆ పట్టికను తీసేయండి. అందులో నక్షత్రం పిల్లవాడి పేరుకు అంటుకుంటుందే తప్ప వాడు చేసిన పనికి కాదు. "గుడ్ బాయ్" అంటే ఎందుకన్నారో వాడికి తెలియదు. "కుళాయి దగ్గర ఒకటో తరగతి పాపను ముందు నీళ్లు పట్టుకోనిచ్చావు, నేను చూశాను" అంటే తెలుస్తుంది, మర్నాడు మళ్లీ చేస్తాడు.

ఇటలీలో పేద పిల్లల కోసం బడులు నడిపిన కతోలిక గురువు పునీత డాన్ బోస్కో 1877లో రాసిన నివారణ పద్ధతికి వివేచన, మతవిశ్వాసం, వాత్సల్యం అనే మూడూ పునాదులు. తప్పు జరిగాక శిక్షించడానికి కాచుకుని ఉండకుండా, పెద్దలు ముందునుంచే పిల్లల మధ్య మెలగాలన్నది దాని సారం. మందలించవలసి వచ్చినప్పుడు ఆయన నలుగురిలో కాకుండా చెవిలో ఒక్క మాట చెప్పేవారట. నా ఉద్యోగకాలంలో నాకు అన్నిటికంటే ఉపయోగపడింది ఇదే. విరామంలో పది నిమిషాలు కుళాయి దగ్గర నిలబడండి. సగం తగాదాలు మొదలయ్యేది అక్కడే.

జవాబు 2 (ఒక తల్లి, తిరుపతి)

మేము హిందువులం, మా పాప కతోలిక బడిలోనే చదువుతోంది. బైబిల్లోని తప్పిపోయిన గొర్రె కథ విని వచ్చి, ఆ ఒక్కదాని కోసం కాపరి ఎందుకు వెళ్లాడో వాళ్ల నాయనమ్మకు వివరించింది. మిమ్మల్ని నేను కోరేది ఒక్కటే. డైరీలో తప్పులే కాకుండా అప్పుడప్పుడు ఒక మంచి మాట కూడా రాయండి. ఎర్ర సిరా కనబడితే చాలు, ఇంట్లో తిట్లు మొదలవుతాయి.

జవాబు 3 (ఉపాధ్యాయుడు, పలమనేరు)

పట్టికను ఊరికే తీసేస్తే, నక్షత్రాలు సంపాదించుకున్న ఆ ఆరుగురూ నొచ్చుకుంటారు. దాని స్థానంలో ఒక గాజు సీసా పెట్టండి. తోటివారు చేసిన మేలును చూసిన పిల్లలు అది చెప్పి అందులో ఒక చింతగింజ వేయాలి. తాము చేసినదానికి వేసుకోకూడదు. సీసా నిండితే తరగతి మొత్తానికీ అరగంట ఆట. ఒక జాగ్రత్త: ప్రార్థనలో పాల్గొనడాన్ని మంచి నడవడిక లెక్కలో కలపకండి. సంరక్షకుల సమ్మతి లేకుండా పిల్లలను అందులో పాల్గొనమనకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. చింతగింజలు తెచ్చే పనిని సోమవారం ఆ బాబుకే అప్పగిస్తాను, అదీ చెవిలోనే చెప్పి. స్నేహితులిద్దరు కూడబలుక్కుని ఒకరికొకరు గింజలు వేసుకుంటే ఏం చేయాలో కూడా, సార్, వీలైతే చెప్పండి.