‘సుడిగాలి’ అంటే టోర్నడోయేనా?

ప్రశ్న (తిరుపతి నుంచి ఒక ఉపాధ్యాయిని):
సభ్యులందరికీ నమస్కారం. ఏడో తరగతి పిల్లల చేత చదివించిన ఒక క్విజ్ పుస్తకంలో ‘ప్రపంచంలో సుడిగాలులు అత్యధికంగా సంభవించే దేశం ఏది?’ అన్న ప్రశ్నకు అమెరికా అని జవాబు ఉంది. చంద్రగిరి వైపు పల్లె నుంచి వచ్చే పిల్లవాడొకడు లేచి, ఎండాకాలంలో తమ చేలలో రోజూ సుడిగాలి లేస్తుందనీ, అమెరికాలో అంతకంటే ఎక్కువగా లేస్తాయా అనీ అడిగాడు. టోర్నడోకు ‘సుడిగాలి’ తగిన మాటేనా? ‘చక్రవాతం’ అనవచ్చా? అసలు ఆ వాక్యం నిజమేనా?

జవాబు (చిత్తూరు):
టీచరుగారూ, పిల్లవాడి సందేహం న్యాయమైనదే. మన చేలలో మిట్టమధ్యాహ్నం లేచే సుడిగాలి నేల వేడికి పుడుతుంది. దుక్కి దున్నిన చేను బాగా కాగినప్పుడు దాని మీది గాలి ఒక్కసారిగా పైకి లేస్తూ, పక్కనున్న గాలిని లాక్కొని తిరుగుతుంది. ఎండుటాకులనూ వేరుశనగ పొట్టునూ ఎత్తి, కొద్ది నిమిషాల్లో అణగిపోతుంది. దానికి మబ్బుతో పని లేదు. టోర్నడో మాత్రం ఉరుముల మేఘం అడుగు నుంచి నేల దాకా సాగిన గాలిస్తంభం. మేఘం లేనిదే అది లేదు.

‘చక్రవాతం’ పాత మాటే. సంస్కృత భాగవతం దశమ స్కంధంలో తృణావర్తుడు బాలకృష్ణుణ్ణి ఎత్తుకుపోయింది చక్రవాత రూపంలోనే. గడ్డిపరకలను సుడి తిప్పేవాడన్న అర్థం ఆ పేరులోనే ఉంది కనుక, వాడు కూడా మన చేలలోని సుడిగాలికే దగ్గరివాడని నా అభిప్రాయం (వ్రేపల్లెలో రాడార్ లేదు కాబట్టి పట్టుబట్టను). పైగా హిందీ వార్తల్లో చక్రవాత్ అంటే తుపాను. ఈ కలగాపులగం మన ఒక్కరిదే కాదు: ‘సైక్లోన్’ అన్న మాటను 1848లో కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ సముద్రపు తుపానుల కోసం ప్రతిపాదించగా, అమెరికా మధ్య రాష్ట్రాలవారు దాన్ని తీసుకుపోయి చాలాకాలం టోర్నడోకే వాడుకున్నారు. అందుచేత ‘టోర్నడో’ అనే రాయడం మేలు.

ఇక విషయానికి వస్తే, అమెరికాలో ఏటా సగటున 1,200 దాకా నమోదవుతాయి. తర్వాతి స్థానం కెనడాది, అక్కడ సుమారు వంద. మెక్సికో సింధుశాఖ నుంచి వచ్చే వెచ్చని తేమగాలి మీద రాకీ పర్వతాల వైపు నుంచి పొడిగాలి పరుచుకుంటుంది. మధ్యలో తూర్పు పడమరలుగా అడ్డుకొండ ఏదీ లేదు. నేల దగ్గర ఒక దిక్కుకూ, ఎత్తున మరో దిక్కుకు మరింత వేగంగానూ వీచే గాలుల మధ్య చిక్కిన మేఘం మొత్తంగా తిరగడం మొదలుపెడుతుంది. మనకు ఏప్రిల్, మే నెలల్లో వేడికీ తేమకూ కొదవ లేదు గానీ, ఎత్తుతో పాటు గాలి అంతగా మారదు. బెంగాల్‌లో ఆ కాలానికి హిమాలయాలకు దక్షిణంగా పడమటి జెట్ గాలి (చాలా ఎత్తున అతివేగంగా వీచే గాలి) ఇంకా ఉంటుంది కనుక, కాలబైశాఖి (అక్కడి వేసవి గాలివాన) మేఘాలు అప్పుడప్పుడు టోర్నడోలను కంటాయి. 1989 ఏప్రిల్ 26న బంగ్లాదేశ్‌లోని మానిక్‌గంజ్ ప్రాంతంలో ఒకే టోర్నడోకు సుమారు 1,300 మంది చనిపోయారు. అమెరికా చరిత్రలో ఏ ఒక్క టోర్నడో అంతమందిని బలిగొనలేదు.

మరో సభ్యుడు (బంగారుపాళెం):
అయ్యా, మా వైపు గాలివానకు తోతాపురి కాయంతా రాలి, చెట్లు కూకటివేళ్లతో లేస్తే పత్రికలు ‘సుడిగాలి బీభత్సం’ అంటాయి. వాటిలో టోర్నడోలు ఉండవా? మనం లెక్కపెట్టకపోవడం వల్లే అమెరికాకు మొదటి స్థానం దక్కిందేమో?

జవాబు (చిత్తూరు):
సగం నిజం. లెక్కపెట్టేవారు పెరిగితే అంకె పెరుగుతుంది. 1990లలో డాప్లర్ రాడార్లు (మేఘంలోని గాలి కదలికను కూడా పసిగట్టేవి) దేశమంతా వచ్చాక అమెరికాలో బలహీనమైన టోర్నడోల సంఖ్య బాగా పెరిగింది గానీ, బలమైనవాటి సంఖ్య అలా పెరగలేదు. విస్తీర్ణం లెక్కన చూస్తే ఇంగ్లండు, నెదర్లాండ్స్ కూడా ముందు వరుసలోనే ఉంటాయి. అక్కడ జనం ఎక్కువ, చూసి చెప్పేవారూ ఎక్కువ. అయితే వాటిలో అధికభాగం బలహీనమైనవి. విచిత్రమేమిటంటే, అదే అమెరికాలో పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి 1938 వరకు, జనం బెదిరిపోతారని వాతావరణ సూచనల్లో ‘టోర్నడో’ అన్న మాటనే వాడనివ్వలేదు. 1925 మార్చి 18న మూడు రాష్ట్రాలను దాటిన టోర్నడోలో 695 మంది చనిపోయింది ఆ నిషేధం నడుస్తున్న రోజుల్లోనే.

మీ తోటల సంగతి నేల మీదే తెలుస్తుంది. మేఘం నుంచి చల్లగాలి ఒక్కసారిగా దిగి పరుచుకుంటే చెట్లన్నీ ఒకే దిక్కుకు గానీ, ఒక చోటు నుంచి బయటికి విసనకర్రలా గానీ ఒరుగుతాయి. మన గాలివానల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. టోర్నడో పోయిన దారి సన్నగా, పొడుగ్గా ఉండి, దాని రెండు అంచుల నుంచీ చెట్లు లోపలికి, ఒకదానికొకటి అడ్డంగా పడి ఉంటాయి. టోర్నడోల పరిశోధకుడు టెట్సుయా ఫుజిటా 1971లో ప్రకటించిన కొలమానం కూడా గాలి చేసిన నష్టాన్ని చూసి బలాన్ని అంచనా వేసేదే. మేఘం తిరుగుతున్నదని డాప్లర్ రాడార్ చెప్పగలదు గానీ, ఆ సుడి నేలను తాకిందని చెప్పడానికి చాలాసార్లు చూసిన కళ్లో, పడిన చెట్లో కావాలి. మన విలేకరులు ‘బీభత్సం’తో పాటు చెట్లు ఏ దిక్కుకు పడ్డాయో ఒక్క వాక్యం రాస్తే, మీరు అడిగిన ప్రశ్నకు జవాబు మన జిల్లా వార్తల్లోనే దొరుకుతుంది. టీచరుగారు తమ క్విజ్‌లో మాత్రం ‘టోర్నడోలు అత్యధికంగా నమోదయ్యే దేశం’ అని మార్చుకుంటే చాలు.