బేస్ క్యాంపులో ఒకడికి మలేరియా, మిగతావాళ్లం ఏం చేయాలి?

మామండూరు_వాచర్:
అన్నలూ, తిరుపతి పక్కన అడవిలో ఎర్రచందనం కాపలా పని నాది. ఐదుగురం ఉంటాం, రేకుల షెడ్డు, పక్కనే వంక. మాలో ఒకడు సెలవు పెట్టి చింతూరు వైపు రోడ్డు పనికి మూడు వారాలు పోయొచ్చాడు. వచ్చిన నాలుగో రోజే చలి పట్టుకుంది, మిట్టమధ్యాహ్నం ఎండలో దుప్పటి కప్పుకుని కూర్చున్నా పళ్లు టకటకలాడాయి. రక్తం చూస్తే వైవాక్స్ మలేరియా అన్నారు. మా వంక దోమలవల్లే వచ్చిందా, మాకూ అంటుకుంటుందా? దోమతెరలు ఇచ్చారు గానీ ఉక్కకు ఎవరూ కట్టరు, ఒకటైతే బియ్యం మూట మీద కప్పారు. ముందుగా వేసుకునే మాత్రలేమైనా ఉన్నాయా? ఇంట్లో పని మానేయమంటోంది.

పాత_మలేరియా_వర్కర్:
తమ్ముడూ, లెక్క చూడు. దోమ కుట్టాక జ్వరం రావడానికి తక్కువలో తక్కువ వారం పడుతుంది. నాలుగో రోజే వచ్చిందంటే అక్కడ కుట్టిందే, మీ వంకది కాదు. అలాగని ఊరుకోవద్దు. మీ దగ్గరి అనాఫిలిస్ ఆడదోమ ఇప్పుడు అతన్ని కుడితే, పది పన్నెండు రోజులకు దాని ఒంట్లో క్రిమి తయారై మీకు ఎక్కిస్తుంది. అందుకే ముందు తెర కట్టాల్సింది అతనికి. గోడ మీద తోక పైకెత్తి ఏటవాలుగా వాలిన దోమ కనిపిస్తే అదే అనుకో. మీకెవరికైనా జ్వరం వస్తే పారాసెటమాల్‌తో నెట్టకుండా అదే రోజు పీహెచ్‌సీకో ఆశా దగ్గరికో పోండి, వేలి మీద సూది గుచ్చి పావుగంట, ఇరవై నిమిషాల్లో చెప్పేస్తారు. లేదని వచ్చినా జ్వరం వదలకపోతే మళ్లీ చూపించుకోవాలి.

మాత్రలంటావా, ఏజెన్సీ లాంటి చోటికి ఆరు వారాల లోపు పోయేవాళ్లకు డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజూ ఇస్తారు, పోయేముందు రెండు రోజుల నుంచి, తిరిగొచ్చాక ఇంకో నాలుగు వారాల దాకా, అదీ డాక్టరు రాస్తేనే. గర్భిణులకు, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఇవ్వరు. ఏడాది పొడుగునా క్యాంపులో ఉండే మీకు కుదిరే పద్ధతి కాదది.

పలమనేరు_జేసీబీ:
పాడేరు వైపు పని చేసినవాణ్ణి, నా మాట కూడా విను. నాకూ వైవాక్సే వచ్చింది. ప్రైమాక్విన్ 14 రోజులు వేసుకోమన్నారు, మూడో రోజుకే జ్వరం దిగేసరికి మిగతా మాత్రలు చొక్కా జేబులోనే ఉండిపోయాయి, ఉతుకులో కూడా పోయాయి. రెండు నెలలకు చిత్తూరు బస్సులో మళ్లీ అదే వణుకు! కాలేయంలో దాక్కుని తిరిగి లేస్తుందంట. మీవాడి చేత 14 రోజులూ దగ్గరుండి మింగించండి. మధ్యలో మూత్రం నల్లగా, కాఫీలా వస్తే మాత్రం ఆపేసి వెంటనే ఆసుపత్రికి పోవాలి, కొందరి ఒంటికి ఆ మాత్ర పడదు.

ఇంకోటి, మేం పదింటికి తెరలో దూరేవాళ్లం, కుట్టేవి మాత్రం పొద్దు గుంకాక బయట పొయ్యి దగ్గర కూర్చున్నప్పటి నుంచే కుట్టేవి. ఆ టైముకు ఫుల్ చేతుల చొక్కా, పాదాలకు ఓడోమాస్ పెట్టుకోండి, చెమట పడితే మళ్లీ రాసుకోవాలి.

తలకోన_పిల్లోడు:
వేపాకు పొగ వేస్తే చాలదా? మా తాత అదే వేసేవాడు.

పాత_మలేరియా_వర్కర్:
పొగ ఉన్నంతసేపు కొంత నయం, ఆరిపోయాక మొదటికే వస్తుంది. మందు పెట్టిన తెరకైతే దోమ వాలితే చస్తుంది. అంచులు చాప కిందికి దోపండి, మామూలు సబ్బుతో ఉతికి నీడలో ఆరేయండి, ఎండలో వేస్తే మందు పోతుంది. 20 ఉతుకుల దాకా పనిచేస్తుంది కాబట్టి ఊరికే ఉతక్కండి.

మామండూరు_వాచర్:
బియ్యం మూట మీది తెర తీశాం, ఎలుక అరచేయంత బొక్క పెట్టింది. సూదీ దారం తెచ్చి కుట్టాను. మావాడికి ఈరోజు ఆరో మాత్ర, జ్వరం లేదు, ఇంకెందుకని గొణుగుతున్నాడు. జేసీబీ అన్న రాసింది చదివి వినిపించా.