మా బాబు కాగితం మీద ఎం85.9 అని రాశారు, ఇది ఏ ఎముక జబ్బు?

నీలిగాజు:
మా అబ్బాయికి 11 ఏళ్లు. పది రోజుల కిందట ఆడుకుంటూ బంతి విసిరాడు, అంతే. పడలేదు, ఎవరూ తోయలేదు. విసిరిన చేతిని అలాగే పట్టుకుని కూలబడిపోయాడు. ఎక్స్‌రే తీస్తే కుడి జబ్బ ఎముక భుజానికి కాస్త కింద విరిగి ఉంది. విరిగిన చోట ఎముక లోపల బొటనవేలంత నల్లటి ఖాళీ కనిపించింది. స్లింగ్ వేసి, రెండు వారాల్లో రమ్మన్నారు. ఇంటికొచ్చాక కాగితం చూస్తే "ఎముక సాంద్రత, నిర్మాణ లోపం, ఎం85.9" అని ఉంది.

మా అత్తగారికి ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో టీ స్కోరు మైనస్ 2.8 వచ్చింది, ఆవిడ కాగితం మీద ఎం81 అని రాశారు. అంకెలు దగ్గరదగ్గరగా ఉన్నాయి కదా, వీడి ఎముకలు కూడా గుల్లబారుతున్నాయా? ఇంకో భయం కూడా ఉంది, దాన్ని పైకి అనడానికి నోరు రావడం లేదు. రాత్రి వాడు పక్క మీద కదిలితే చాలు, లేచి చూస్తున్నాను.

చినుకు:
క్యాల్షియం తక్కువై ఉంటుంది అక్కా. టాబ్లెట్లు మొదలుపెట్టండి, టెన్షన్ పడకండి.

పాతకోడర్:
చినుకు గారూ, మంచి మనసుతోనే చెప్పారు, కానీ దయచేసి అలా చెప్పకండి. క్యాల్షియమో విటమిన్ డీయో తక్కువైతే ఆ ప్రభావం ఒళ్లంతా ఉంటుంది. ఒక్క ఎముకలో ఒక్క చోట ఖాళీ ఏర్పడటం వేరే సంగతి.

అమ్మా, నేను 14 ఏళ్లు మెడికల్ కోడింగ్, అంటే ఆసుపత్రి కాగితాల్లోని జబ్బులకి కోడ్‌లు వేసే పని చేశాను. ఆ కోడ్‌ల జాబితా పేరు ఐసీడీ-10. అందులో ఎం80 నుంచి ఎం85 వరకు ఉన్నవన్నీ ఎముక సాంద్రత, నిర్మాణ లోపాలే. గుల్లబారి విరిగితే ఎం80, గుల్లబారినా ఇంకా విరగకపోతే ఎం81. మీ అత్తగారిది అది. పెద్దవాళ్లలో ఎముక మెత్తబడితే ఎం83. పదేపదే ఒత్తిడి పడి ఎముక చీలితే ఎం84. వీటిలో ఇమడనివన్నీ ఎం85లోకి వస్తాయి. అందుకే అందులో ఒకదానితో ఒకటి పొంతన లేనివి ఉంటాయి. ఫ్లోరోసిస్‌లో ఎముక మామూలు కంటే చిక్కబడుతుంది, అది ఎం85.1. ఎముకలో నీళ్లు నిండిన సిస్టు, అంటే తిత్తి, ఎం85.4, రక్తం నిండినది ఎం85.5. చిక్కబడిందీ బోలుగా మారిందీ ఒకే అరలో పెట్టారు. పక్కపక్క అంకెలు చూసి చుట్టరికం కలపకండి.

అసలు సంగతి చుక్క తర్వాతి అంకెలో ఉంది. 8 అంటే జబ్బేమిటో తెలుసు, దానికి విడిగా కోడ్ లేదు. 9 అంటే ఆ రోజు కాగితంలో జబ్బు పేరే లేదు. మీ బాబుది 9. అంటే మీకు ఇంకా పేరు చెప్పలేదు, అంతే. ఎమర్జెన్సీలో విరిగిన చేయి సర్దే తొందరలో ఇలా రాసి పంపడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను.

అత్తగారి టీ స్కోరుతో అసలు పోల్చకండి. అది ఆరోగ్యంగా ఉన్న పడుచు వయసు వాళ్ల ఎముకతో పోల్చి తీసిన లెక్క. పిల్లలకి అదే వయసు పిల్లలతో పోల్చే జెడ్ స్కోరు చూస్తారు, దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని గుల్లబారిందని కూడా అనరు.

మీరు పైకి అనలేకపోతున్న భయం అర్థమైంది. చేతుల, కాళ్ల ఎముకల క్యాన్సర్‌కి సీ40 రాస్తారు. మీ కాగితంలో అది లేనంత మాత్రాన నేను భరోసా ఇవ్వలేను, 9 ఉన్నందుకు భయపడమనీ అనను. రేడియాలజిస్ట్ రిపోర్టు విడిగా అడిగి తీసుకోండి. ఖాళీ అంచు స్పష్టంగా ఉందా, పైపొర మీద కొత్త ఎముక పేరుకుందా, కండలోకి ఏమైనా పాకిందా, ఈ మూడూ చూడండి.

నీలిగాజు:
రిపోర్టు తెచ్చుకున్నాను అండీ. అంచు స్పష్టంగా ఉంది, కండలోకి ఏమీ పాకలేదు, పైపొర మీద కొత్త ఎముకా లేదు. చివర్లో "ఫాలెన్ ఫ్రాగ్మెంట్" అని ఉంది. ఫిల్మ్ కిటికీకి ఆనించి చూశాను. నల్లటి ఖాళీ అడుగున గోరు ముక్కంత తెల్లటి తునక ఉంది. అదేనా?

పాతకోడర్:
అదేనమ్మా. విరిగినప్పుడు పైపొర నుంచి ఊడిన తునక లోపల కిందికి జారింది. లోపల గట్టి పదార్థం ఉంటే అలా జారదు, నీళ్లుంటేనే జారుతుంది. అది చాలావరకు సింపుల్ బోన్ సిస్టు గుర్తు, పైన నేను చెప్పిన నీళ్లు నిండిన సిస్టు అదే. ఈ వయసులో, జబ్బ ఎముక పైభాగంలోనే ఇవి ఎక్కువ. అయినా మాట డాక్టర్‌గారి నోటి నుంచే వినండి.

కుడితొడ:
నాకు తొడ ఎముకలో ఫైబ్రస్ డిస్‌ప్లేసియా, అంటే ఎముక ఉండాల్సిన చోట నార లాంటి కణజాలం పెరిగే జబ్బు. ఎక్స్‌రేలో గరుకు గాజు లాగా మసకగా కనిపిస్తుంది. మొదట ఒక్క ఎముకే అనుకుని ఎం85.0 రాశారు. రెండేళ్లకి తుంటిలో, పక్కటెముకలో కూడా కనిపించింది, అప్పుడు క్యూ78.1 అయింది. ఆ కాగితం చూసి మా అమ్మ, జబ్బు ముదిరిందనుకుని ఏడ్చింది. అవి ముందు నుంచీ ఉన్నవే, ఫొటో అప్పుడు తీశారు. క్యూ అంటే పుట్టుకతో వచ్చేవి అని చదివి, నా వల్లే వచ్చిందా అని అడిగింది. జీఎన్ఏఎస్ అనే జన్యువులో మార్పు పిండం ఏర్పడ్డాక కొన్ని కణాల్లో వస్తుందట, తల్లిదండ్రుల నుంచి రాదట. డాక్టర్‌గారు అమ్మని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇదంతా చెప్పారు. అక్కా, మీరు కూడా ఆ ప్రశ్న లోపల దాచుకోకుండా అడిగేయండి.

నీలిగాజు:
ఇవాళ వెళ్లొచ్చాం. ఎంఆర్ఐ కూడా చూసి సింపుల్ బోన్ సిస్టే అన్నారు, క్యాన్సర్ కాదన్నారు. ఆ మాట నేనే నోరు విప్పి అడిగాను. ముందు విరుపు అతకాలట, ఆ తర్వాత సిస్టు దానంతటదే పూడుతోందా, ఇంజెక్షన్ అవసరమా అని ఎక్స్‌రేలు తీస్తూ చూస్తారట. పాతకోడర్ గారూ, కాగితం మీద ఇప్పుడు ఎం85.421 ఉంది. 21 ఏమిటని అడిగితే, జబ్బ ఎముక, కుడివైపు అన్నారు.

మేం మాట్లాడుతుంటే, ఆ తునక ఎక్కడుందో చూపించమని వాడే డాక్టర్‌గారిని అడిగాడు. ఆయన స్క్రీన్ మీద పెద్దది చేసి చూపించారు. ఎడమ చేత్తో దాన్ని తాకి చూశాడు.