అప్‌డేట్: మేత మార్చాక తోలుగుడ్లు ఆగాయి

నెల కిందట అడిగాను గుర్తుందా, పెరట్లోని ఆరు గ్రామప్రియ రకం కోడిపెట్టలు తోలుగుడ్లు, అంటే గట్టి పెంకు లేని మెత్తటి గుడ్లు, పెడుతున్నాయని? పట్టుకుంటే వేలు దిగిపోయేది. తప్పు నాదే. నూకలు, మిగిలిన అన్నం తప్ప ఏమీ వేయలేదు. అవి కడుపు నింపుతాయి గానీ గుడ్డుకు సరిపడా మాంసకృత్తులు, కాల్షియం వాటిలో ఎక్కడివి?

మీరు చెప్పినట్టే లేయర్ మేతకు, అంటే గుడ్లు పెట్టే కోళ్ల కోసం తయారుచేసే దాణాకు, మారాను. బస్తా మీద ప్రోటీన్ 16 శాతం, కాల్షియం 3.5 శాతం ఉన్నాయో లేదో చూసే కొన్నాను. కోడికి రోజుకు 100 గ్రాముల పైనే పడుతోంది. కాల్షియం కోసం దంచిన ఆల్చిప్పలు విడిగా మూకుడులో పెడుతున్నాను. ఎక్కువగా సాయంత్రమే తింటాయి, పెంకు తయారయ్యేది రాత్రే కదా. మునగాకు వేస్తే మాత్రం ఒకదాన్నొకటి తోసుకుని మరీ వస్తాయి.

మధ్యలో ఒక పొరపాటు. చవగ్గా వస్తోందని వానకు తడిసిన మొక్కజొన్న తెచ్చాను. మూట విప్పితే బూజు వాసన. ఎండబెట్టి వేద్దామంటే మా అత్తయ్య ఒప్పుకోలేదు. ఆవిడదే కరెక్టు, ఎండబెట్టినా బూజు విషం పూర్తిగా పోదు. మొత్తం పారబోశాం.

పదిహేను రోజులకు పెంకు గట్టిపడింది. నూకలు మానలేదు, రోజుకు గుప్పెడే. ఒక పెట్ట మాత్రం ఈకలు రాలుస్తోంది, గుడ్డు ఆపేసింది. అది తేరుకునేదాకా ఆగాలి.