పార్కు జాగలో ఏం కట్టాలో ఎవరు తేల్చాలి? కాలనీవాళ్ళా, ఇంజినీర్లా?

గడియారం_చౌరస్తా:
మహబూబ్‌నగర్ 2025లో కార్పొరేషన్ అయింది. చుట్టూ లేఔట్లు పెరుగుతూనే ఉన్నాయి. మా ఎగువ కాలనీ లేఔట్లో రూల్ ప్రకారం వదిలిన పది శాతం ఖాళీ జాగ తుమ్మచెట్లు మొలిచి పడి ఉంది. దాన్ని ఏం చేద్దామని మొన్న ఆదివారం మీటింగ్ పెట్టుకున్నాం. కొందరు వాకింగ్ ట్రాక్ అన్నారు, కొందరు కమ్యూనిటీ హాల్ అన్నారు. సగం జాగ వాననీళ్ళు ఆగేలా తవ్వాలని ఒకరిద్దరు అన్నారు. "మనకెందుకు, ఇంజినీర్లు చూసుకుంటారు" అన్నవాళ్ళూ ఉన్నారు.

నా మాట ఏంటంటే, అక్కడ బతికేవాళ్ళే తేల్చాలి. తెలంగాణ మున్సిపల్ చట్టం 2019లోనే వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలని రాశారు: యువతకు, మహిళలకు, సీనియర్ సిటిజన్లకు, ప్రముఖులకు ఒక్కోటి, ఒక్కోదాంట్లో 15 మంది. పుణెలో 2006 నుంచి జనం తమ వార్డు పనులు రాసిస్తే బడ్జెట్‌లో చేర్చే పద్ధతి ఉంది. మనకేం తక్కువ? మీ అభిప్రాయాలు రాయండి.

లెవెల్_మెషిన్:
రోడ్డు పనుల సైట్లలోనే నా సర్వీసు గడిచింది, అందుకే చెప్తున్నా. నీళ్ళు పల్లానికే పోతాయి. చేతులెత్తి ఓటేస్తే వాలు మారదు. మన దగ్గర అంతా గుట్టలు, రాతి నేల. గంట వాన గట్టిగా పడితే నేలలోకి ఇంకేది తక్కువ, పైన పారేది ఎక్కువ. మన ఊరి పెద్దచెరువు నిండితే రామయ్యబౌలి కాలనీ ఎట్లా మునుగుతుందో 2021లో చూశాం కదా. ముందు లెవెల్స్ తీయాలి, అంటే నేల ఎత్తుపల్లాలు కొలవాలి, నాలా ఎటు పోతుందో చూడాలి, తర్వాతే పార్కు డిజైన్. మీటింగ్ పెడితే ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళ ఇంటి ముందుకే రోడ్డు వస్తుంది. ఒక ఊళ్ళో ఇదే జరిగింది. కల్వర్టు వేయాల్సిన చోటును పెద్దమనుషులు మార్పించారు, మొదటి వానకే రోడ్డు కొట్టుకుపోయింది. మాట మాత్రం నేను పడ్డాను.

పార్కు_కావాలె:
సార్, లెవెల్స్ తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆ జాగ మాది. కాలనీలో మా వీధి వేరే లేఔట్. అందులో ఓపెన్ స్పేస్ వదల్లేదని ఎల్ఆర్ఎస్‌లో (అనుమతి లేని లేఔట్లను రెగ్యులరైజ్ చేసే స్కీములో) ప్లాటు విలువ మీద 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ కట్టించుకున్నారు. పైసలు కట్టినవాళ్ళకు పార్కు ఇవ్వాలా వద్దా? అసోసియేషన్‌లో ట్రాక్ అని తీర్మానం అయిపోయింది. ఒక మూలకు చిన్న కమ్యూనిటీ హాల్, అంతే. పెళ్ళిళ్ళకు హాల్ కిరాయిలు ఎంతున్నాయో తెలుసు కదా.

నిమ్మచెట్టు:
హాల్ వద్దన్నా. రాత్రి డీజే పెడితే పరీక్షల పిల్లలు ఏం చదువుతారు?

గడియారం_చౌరస్తా:
@పార్కు_కావాలె అన్నా, పార్కుకు వదిలిన జాగలో హాల్ కడితే కోర్టులో నిలబడదు. బెంగళూరులో పార్కు జాగను ప్రైవేటు ఆసుపత్రికి ఇస్తే 1991లో సుప్రీంకోర్టు చెల్లదని కొట్టేసింది.

@లెవెల్_మెషిన్ సార్, జనాన్ని అడగకుండా గీసిన ప్లాన్ ఏమైందో కామారెడ్డిలో చూశాం కదా. 2023 జనవరిలో మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో తమ పొలాలు పారిశ్రామిక జోన్‌లోకి పోయాయని రైతులు రోడ్డెక్కారు. చివరికి కౌన్సిలే ఆ ముసాయిదా వద్దని తీర్మానం చేయాల్సి వచ్చింది. ముందే ఊళ్ళో కూర్చోబెట్టి మ్యాపు చూపిస్తే అంతదాకా పోయేదా?

పార్కు_కావాలె:
అది ప్రైవేటు ఆసుపత్రి. మాది పబ్లిక్ హాల్. రెండూ ఒకటెట్లా అవుతాయి?

లెవెల్_మెషిన్:
కామారెడ్డిది జోనింగ్ గొడవ, మనది మోరి గొడవ. దాన్ని తెచ్చి దీనికి అంటగట్టకండి.

బస్టాండ్_వెనుక:
హాల్ సంగతి తేలేలోగా మా పిల్లలు ఆడుకునే వయసు దాటిపోతారు.

పార్కు_కావాలె:
మళ్ళీ చెప్తున్నా, హాల్ ఒక మూలకే వస్తుంది. పార్కు పోదు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ మీటింగ్‌లో నీళ్ళ గుంత తవ్వాలన్నవాళ్ళలో ఒకరు కిరాయికి ఉండేవాళ్ళు, ఒకరు కింది బస్తీవాళ్ళు. కిరాయివాళ్ళు రేపు ఇల్లు మారిపోతారు. బస్తీకి మా లేఔట్‌తో ఏం సంబంధం? ప్లాటు కొని, ఈఎంఐ కట్టి, ఎల్ఆర్ఎస్ కట్టినవాళ్ళం మేము. అందరినీ పిలిస్తే ఏ పనీ కాదు.

కిరాయి_ఇల్లు:
ఆ కిరాయి మనిషిని నేనే. మా ఊరు మక్తల్ దగ్గర, ఓటు ఇంకా అక్కడే ఉంది. నా బిడ్డ ఈ కాలనీలోనే పుట్టింది, ఇప్పుడు ఆరో తరగతి. మీ ఇంటి మోరి నిండితే కంపు నా వంటింట్లోకి రావట్లేదా? దోమలు కిరాయి చీటీ చూసి కుడతాయా? మీటింగ్‌లో నేను లేచి మాట్లాడుతుంటే "ఓనర్‌ను పంపమ్మా" అన్నారు. ఆ మాట అన్నవాళ్ళు ఇక్కడా ఉన్నారు. ఆ రోజు ఊరుకున్నాను, ఇప్పుడు ఊరుకోను.

దిగువ_వాడ:
బస్తీకి ఏం సంబంధం అని అడిగారు కాబట్టి చెప్తా. మీరు ప్లాటు అంటున్నది మా నాయన జొన్న చేను. ఎకరం లెక్కన అమ్మితే గజాల లెక్కన కొన్నారు, దాని మీద నాకు ఏడుపు లేదు. కానీ ఆ చేను గట్టు పక్కన వాగులాంటి కాలువ ఉండేది. ఎగువ నీళ్ళన్నీ అందులోంచి చెరువుకు పోయేవి. లేఔట్ వేసినప్పుడు దాన్ని పూడ్చి సీసీ రోడ్డు వేశారు. దాని కింద అడుగున్నర పైపు ఒక్కటే పెట్టారు. ఇప్పుడు వాన పడితే మీ రోడ్డు మీది నీళ్ళు నేరుగా మా ఇళ్ళలోకి వస్తాయి. మా గోడ మీద నీళ్ళ చార బియ్యం డ్రమ్ము మూత దాకా ఉంది. డ్రమ్ము కింద రెండు వరసల ఇటుకలు పెట్టుకున్నాం, అయినా తడిసింది. మీరు ట్రాక్ పేరు చెప్పి టైల్స్ వేస్తే ఆ పారే నీళ్ళు ఇంకా పెరుగుతాయి. అందుకే గుంత తవ్వమన్నాను. ట్రాక్ వద్దని నేను అనలేదే!

లెవెల్_మెషిన్:
@దిగువ_వాడ ఆ పైపు ఎక్కడుంది? చేను గట్టు పక్కది పాత కాలువే అయితే గ్రామ నక్షాలో, అంటే ఊరి పాత మ్యాపులో ఉండాలి. ఇది ముందే ఎందుకు చెప్పలేదు?

దిగువ_వాడ:
ఎవరికి చెప్పాలి సార్? మీటింగ్ అసోసియేషన్ ప్రెసిడెంట్ గారి మిద్దె మీద పెట్టారు, పదింటికి. ఆ టైముకు మావాళ్ళు కూలి పని కోసం అడ్డా మీద నిలబడి ఉంటారు. ఆదివారం అయినా పని దొరికితే పోవాల్సిందే. నేనొక్కడినే వచ్చాను. రెండు మాటలు మాట్లాడేలోగా టీ పంచారు.

గడియారం_చౌరస్తా:
@లెవెల్_మెషిన్ సార్, చూశారా? మీ లెవెల్ మెషిన్‌కు పల్లం దొరుకుతుంది. పూడ్చిన కాలువ ఎక్కడుందో ఈయనే చెప్పాలి. నేను మొదటి నుంచి అంటున్నది ఇదే.

లెవెల్_మెషిన్:
చెప్పినంత మాత్రాన డిజైన్ అయిపోదు. నక్షా తెప్పించాలి, కొలవాలి. పైపు సైజు ఆయన చెప్పింది నిజమైతే మాత్రం ఎగువ కాలనీ మొత్తానికి అది సరిపోదు. గుంత అయినా ఎంత లోతు, నిండాక నీళ్ళు ఎటు పోవాలి అన్నది ఓటుతో తేలదు.

పార్కు_కావాలె:
అంటే మా పార్కును బస్తీ కోసం చెరువు చేస్తారన్నమాట. 14 శాతం కట్టింది ఇందుకేనా?

కిరాయి_ఇల్లు:
నీళ్ళు మీవి, పైసలు మీవి, మునిగేది మాత్రం వాళ్ళా అన్నా?

నిమ్మచెట్టు:
కొంచెం నెమ్మదిగా మాట్లాడండి. అందరం ఒకే బజార్లో కూరగాయలు కొనుక్కునేవాళ్ళం.

గడియారం_చౌరస్తా:
వచ్చే ఆదివారం మళ్ళీ కూర్చుందాం. ఈసారి బస్తీ సర్కారు బడి వరండాలో, సాయంత్రం ఏడింటికి. పనుల నుంచి అందరూ వచ్చాకే మొదలుపెడదాం. నక్షా కోసం నేను అడుగుతా. లెవెల్_మెషిన్ సార్, మీటింగ్‌కు ముందు మధ్యాహ్నమే వస్తే దిగువ_వాడ అన్నతో కలిసి పైపు చూసి వద్దాం. ఓనర్లు, కిరాయివాళ్ళు అని తేడా లేదు, అందరూ రావాలి.

పార్కు_కావాలె:
అసోసియేషన్ తరఫున మేము రాము. మా తీర్మానం ఇప్పటికే కార్పొరేషన్ ఆఫీసులో ఇచ్చేశాం.

దిగువ_వాడ:
అయితే దాని కాపీ ఇక్కడ పెట్టండి. ఎవరెవరి సంతకాలు ఉన్నాయో చూస్తాం.