వెడ్జ్ పెట్టగానే మెగ్నీషియం-32 మాయమవుతోంది: లీజ్ ప్లస్ ప్లస్ లెక్కలో పొరపాటు ఎక్కడ?

ప్రశ్న

అందరికీ నమస్కారం. అణుకేంద్రక భౌతికశాస్త్రంలో పరిశోధన మొదలుపెట్టి ఏడాది అయింది. న్యూక్లియాన్‌కు, అంటే కేంద్రకంలోని ఒక్కొక్క ప్రోటాన్ లేదా న్యూట్రాన్‌కు, 140 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల కాల్షియం-48 పుంజాన్ని బెరీలియం టార్గెట్ మీదికి పంపి, పుట్టిన శకలాలలో నుంచి మెగ్నీషియం-32ను వేరుచేసే లెక్కను లీజ్ ప్లస్ ప్లస్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేస్తున్నాను. శకలాలను అయస్కాంతాలతో వేరుచేసే సెపరేటర్‌గా మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ వారి ఏ1900 అమరికను తీసుకున్నాను. వెడ్జ్, అంటే కణాల దారిలో పెట్టే ఒక పక్క పలచగా, మరో పక్క మందంగా ఉండే రేకు, లేనప్పుడు దిగుబడి బాగుంది గాని, ఫ్లోరిన్-24 వంటి అక్కరలేనివి వెంట వస్తున్నాయి. చదరపు సెంటీమీటరుకు 300 మిల్లీగ్రాముల అల్యూమినియం వెడ్జ్ పెట్టగానే నాకు కావలసిన కేంద్రకమే సున్నా అవుతోంది. కారణం ఏమై ఉంటుంది? అలాగే, సెకనుకు ఇన్ని కణాలు అని అది చూపే సంఖ్యను ప్రయోగ ప్రతిపాదనలో నమ్మి రాయవచ్చా?

మొదటి జవాబు

వెడ్జ్ పెట్టిన తరువాత స్పెక్ట్రోమీటరును మళ్లీ లెక్కించమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పారా? నా మొదటి ఏడాదిలో ఇదే పొరపాటు వల్ల రెండు రోజులు పోగొట్టుకున్నాను కనుక ముందుగా అదే అడుగుతున్నాను. టార్గెట్ దాటాక న్యూక్లియాన్‌కు 100 మెగా ఎలక్ట్రాన్ వోల్టులతో వచ్చే మెగ్నీషియం-32కు బీరో విలువ (అయస్కాంతంలో కణాన్ని వంచడం ఎంత కష్టమో చెప్పే కొలత) సుమారు 3.94 టెస్లా-మీటర్లు. మీరు చెప్పిన వెడ్జ్‌లో అది న్యూక్లియాన్‌కు దాదాపు 8 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు కోల్పోతుంది కాబట్టి బీరో 3.78 దగ్గరికి దిగుతుంది. వెడ్జ్ తరువాతి అయస్కాంతాలు పాత విలువ దగ్గరే ఉండిపోతే, కేంద్రకం దారి తప్పి స్లిట్లకు, అంటే అక్కరలేని కణాలను ఆపే సందుల అంచులకు, తగులుతుంది. వెడ్జ్ కోణాన్ని కూడా అక్రొమాటిక్ పద్ధతిలో, అంటే ఒకే రకం కేంద్రకాలు వేగంలో కాస్త తేడా ఉన్నా చివరికి ఒకే చోట చేరేలా, తిరిగి లెక్కించుకోండి.

వెడ్జ్ ఎందుకు పనిచేస్తుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఫ్లోరిన్-24కు, మెగ్నీషియం-32కు ద్రవ్యరాశి సంఖ్యను ఆవేశంతో భాగిస్తే వచ్చేది ఒకటే, అంటే 2.67, అందువల్ల సమాన వేగంతో వెళ్లే ఆ రెండింటినీ అయస్కాంతం ఒక్కటే విడదీయలేదు. అయితే ఆవేశం తక్కువైన ఫ్లోరిన్ వెడ్జ్‌లో న్యూక్లియాన్‌కు 6 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల కన్నా తక్కువే కోల్పోయి బీరో 3.82 దగ్గర బయటికి వస్తుంది. ఈ ఒక శాతం తేడానే కణాలు వచ్చి కేంద్రీకృతమయ్యే చివరి ఫోకల్ ప్లేన్ దగ్గర రెండు వేరు మచ్చలుగా పడుతుంది.

రెండవ జవాబు

సంఖ్య సంగతి నేను చెబుతాను. ఫ్రాన్స్‌లోని గానిల్ ప్రయోగశాలలో ఉన్న లీజ్ స్పెక్ట్రోమీటరు పేరు మీద వచ్చిన ఈ ప్రోగ్రామ్, అయస్కాంతాల గుండా కణాల ప్రసారాన్ని చాలా నమ్మకంగా లెక్కిస్తుంది. అసలు అనిశ్చితి ఉత్పత్తి క్రాస్ సెక్షన్‌లో, అంటే ఆ కేంద్రకం పుట్టే అవకాశాన్ని చెప్పే విలువలో, ఉంది. ఆ విలువను అంచనా వేసే ఈపాక్స్ సూత్రం కొలిచిన విలువలకు సరిపోయేలా కూర్చినది, పుంజం శక్తిని పట్టించుకోదు. న్యూట్రాన్లు బాగా ఎక్కువైన కేంద్రకాల దిగుబడిని రెండవ రూపం అతిగా చూపేది, 2012లో వచ్చిన మూడవ రూపం దానిని సరిదిద్దింది. కనుక మీరు ఏ రూపం వాడారో ప్రతిపాదనలో తప్పక రాయండి. మెగ్నీషియం-32కు కొలిచిన క్రాస్ సెక్షన్ దొరికితే ఈపాక్స్‌ను పక్కనబెట్టి దానినే ఫైలుగా ఇవ్వండి. వెడ్జ్‌ను మరీ మందం చేయకండి. శుద్ధత పెరిగినకొద్దీ వెడ్జ్‌లోనే ప్రతిచర్య జరిపి పోయేవి, పక్కలకు చెదిరిపోయేవి కూడా పెరుగుతాయి. ఎంపిక చేసిన అమరికను చివరికి ఒకసారి, కణాలను ఒక్కొక్కటిగా యాదృచ్ఛికంగా పంపి చూసే మాంటే కార్లో పద్ధతిలో సరిచూడండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మళ్లీ లెక్కించగానే మెగ్నీషియం-32 తిరిగి వచ్చింది, ఫ్లోరిన్-24 దాదాపు పోయింది. అల్యూమినియం-34, సోడియం-30 మాత్రం కొంత మిగిలాయి. వాటికోసం ఇంకా మందమైన వెడ్జ్ పెట్టాలా?

మొదటి జవాబు ఇచ్చినవారు

అక్కరలేదండి. సిలికాన్ డిటెక్టరులో ఒక్కొక్క కణం కోల్పోయే శక్తిని, సెపరేటర్ గుండా దాని ప్రయాణకాలాన్ని కలిపి చూస్తే మెగ్నీషియం-32తో సహా ఆ మూడూ విడివిడి గుంపులుగా కనబడతాయి. డిటెక్టరు మొత్తం లెక్కింపు వేగాన్ని తట్టుకోగలదా లేదా అన్నది మాత్రం చూసుకోండి.