‘పల్మోస సెలీనుస్’: ఆ చెట్టు తాడా, ఈతా?

పాతపుటలు: సభ్యులకు నమస్కారం. రోమన్ కవి వర్జిల్ లాటిన్ కావ్యం ‘ఈనియడ్’ మూడవ సర్గలో, కథానాయకుడు ఈనియస్ ఓడలో సిసిలీ ద్వీపపు తీరం వెంబడి ఒక్కొక్క ఊరినీ దాటే ఘట్టంలో, తాళవృక్షాలు మెండుగా గల సెలీనుస్ అనే అర్థంలో ఒక మాట వస్తుంది. అది ‘పల్మోసుస్’ అని నా జ్ఞాపకం, ‘పల్మోస’ అని మిత్రుడి వాదం. పైగా తెలుగు చేసేటప్పుడు ఆ చెట్టును తాడి అనాలా, ఈత అనాలా?

ఛందోవిహారి: ‘పల్మోస’యే, 705వ పాదం. అయిదవ గణం ‘మో-స-సె’ నికరమైన భగణం (గురువు, రెండు లఘువులు). ‘సుస్ సె’ అని చదివితే ద్విత్వానికి ముందున్న ‘సు’ గురువై గణం చెడుతుంది. పైగా ఈనియస్ ఆ ఊరిని స్త్రీలింగంలో సంబోధిస్తున్నాడు.

మన్నుమిన్ను: గణం సరే, చెట్టు సంగతి చూద్దాం. అక్కడ అడవిగా పెరిగేది ఖర్జూరం కాదు, కెమెరోప్స్ హ్యూమిలిస్ అనే పొట్టి తాళం. ఆకు తాటాకులాగే విసనకర్రగా విచ్చుకుంటుంది, మట్టకు ముళ్లుంటాయి. అయితే మన తాడిలా ఒంటిగా నిలవక, మొదట్లో పిలకలు వేసి పొదగా అల్లుకుంటుంది. సముద్రపు గాలికీ, మేకల మేతకూ, కార్చిచ్చుకూ ఓర్చుకుంటూ రాతినేలల్లో చాలాచోట్ల నడుమెత్తులోనే ఉండిపోతుంది. ఆకులన్నీ మాడినా మళ్లీ చిగురిస్తుంది. నరికితే వేళ్ల నుంచి మొలుస్తుందనీ, సిసిలీలో విస్తారమనీ క్రీ.పూ. 300 ప్రాంతంలోనే గ్రీకు వృక్షశాస్త్రజ్ఞుడు థియోఫ్రాస్టస్ రాశాడు. ఎత్తును బట్టి చిట్టీత అందామంటే ఆకు కుదరదు. అందుకే నా ఓటు ‘పొట్టితాడి’కి.

రాజమార్గం: మన్నుమిన్ను గారూ, ఆ ఊరి పేరు వచ్చింది సెలీనోన్ అనే అడవి సెలరీ నుంచి, ఊరి నాణేల మీద ముద్ర కూడా ఆ ఆకే. అంత ప్రసిద్ధమైన గుర్తును వదిలి మహాకవి ఒక ముళ్లపొదను పట్టుకుంటాడా? ప్రాచీన గ్రీసులోని నెమియా క్రీడల్లో గెలిచినవారికి సెలీనోన్ దండ వేసేవారు, రోమన్లకు తాళపత్రం విజయచిహ్నం. ఒక జయచిహ్నం పేరున్న ఊరికి మరొక జయచిహ్నాన్ని విశేషణం చేయడం శ్లేషేనని నా అభిప్రాయం.

మన్నుమిన్ను: శ్లేషకైనా కాళ్లూనడానికి నేల కావాలి కదా! సిసిలీని ఏలిన రోమన్ అధికారి వెర్రెస్‌పై అభియోగంలో వక్త సిసెరో ఏమన్నాడో చూడండి: ద్వీపపు ఆగ్నేయ కొన పఖీనుమ్ వద్ద నావికులు ఆకలికి తాళలేక అడవి తాళాల వేళ్లు ఏరుకుని తిన్నారట, సిసిలీలో చాలా భాగం అవే ఉన్నాయట. ఆ అభియోగం నడిచిన క్రీ.పూ. 70లోనే వర్జిల్ పుట్టాడు. ఈనాటికీ ద్వీపపు వాయవ్య తీరాన, 1981లో ఏర్పడిన జింగారో అభయారణ్యపు వాలుల మీద ఆ పొదలున్నాయి. సిసిలీ జనం వాటిని ‘జుమ్మారా’ అంటారు; అరబ్బీలో తాళపు మొవ్వు పేరు ‘జుమ్మార్’.

ఛందోవిహారి: ఇంత చెప్పి జర్మన్ కవి గోథేను మరిచారు! 1786లో ఇటలీలోని పాదువా ఉద్యానంలో ఆయన తదేకంగా చూసిన తాళం ఈ జాతిదే. చీలిక లేని కింది ఆకు పైకి పోయేకొద్దీ విసనకర్రగా మారడం చూసి, మొక్కల రూపపరిణామాన్ని ఊహించగల కన్ను కవికి కాక మరెవరికి ఉంటుంది?

రాజమార్గం: పాదువా చెట్టు 1585లో నాటినది, దాన్ని అద్దాల గదిలో కాపాడుతున్నారు. మన పేచీ అడవి చెట్టుతో. అయినా ‘పొట్టితాడి’ కావ్యంలో ఇమడదు, ‘తాళవతి’ అనండి. మొదటి మూడక్షరాలు భగణమే కనుక విహారి గారూ సంతోషిస్తారు.

మన్నుమిన్ను: తాళవతి అంటే మన పాఠకుడికి గట్టు మీది నిలువెత్తు చెట్లే కనబడతాయి. ‘చిఱుతాళవతి’ అంటే?

రాజమార్గం: తెలుగు ‘చిఱు’కు సంస్కృత ‘తాళవతి’ని అతికిస్తే వైరిసమాసం. ఒప్పుకోను.

పాతపుటలు: పోనీ, అచ్చతెలుగులో ‘చిఱుతాళ్ల సెలీనుస్’?

ఛందోవిహారి: ఓడ తెరచాపలెత్తి సాగిపోయే ఘట్టంలో తాళ్లంటే ఎవరైనా మోకులనే అనుకుంటారు, పాతపుటలు గారూ.